కోటు జేబులో చెయ్యి

మా ఆయన కారు కీ పారేసుకున్నాడు. ఎక్కడో చెప్పలేడు. పిల్లదాన్ని స్కేటింగ్‌కి తీసుకెళ్ళిన రోజు ఆ మంచులో జారిపోయి ఉంటుందంటాడు. "మంచు కరిగాక అదే దొరుకుతుందిలే" అని పైగా వేళాకోళం. నాకు ఒళ్ళు మండింది. ఆన్‌లైన్లో కొత్త రిమోట్ తెప్పించి, శనివారం పొద్దున ఫోన్ పట్టుకుని గరాజ్‌లో కారెక్కి కూర్చున్నాను. ఇంత చిన్న పనికి షాపు వాళ్ళ అపాయింట్‌మెంట్ కోసం కాచుకుని కూర్చునే ఓపిక నాకు లేదు. ఏ పనికీ నాకు ఓపిక లేదని ఇంట్లో ఎలాగూ పేరుంది.

వీడియోలో మనిషి మొట్టమొదట చెప్పిన మాట ఇది. మొదలుపెట్టే ముందు ఈ కారుకున్న రిమోట్లన్నీ తెచ్చి లోపల పెట్టుకోండి, ఏది బయట మిగిలిపోతే దాన్ని కారు మర్చిపోతుంది.

అక్కడే ఆపేశాను. ఆంటీ గుర్తొచ్చింది. పని ఇంకా మొదలే కాకుండా పక్కన నిలబడి "అయిందా?" అని అడిగే ఆవిడ గొంతు, గరాజ్‌లో నా వెనకే వినపడ్డట్టనిపించింది. ఆవిడ పోయి ఏడాది దాటింది. ఇంకా నన్ను తొందరపెడుతూనే ఉంది.

ఆవిడ మాకు చుట్టం కాదు. అమెరికాలో వీసా గొడవలతో విసిగిపోయి మేం కెనడాలోని కాల్గరీకి వచ్చిన కొత్తలో, వాళ్ళింటి బేస్‌మెంట్‌లో అద్దెకి దిగాం. అందుకే నాకు ఆవిడ ముఖం కన్నా ముందు పాదాలు తెలుసు. రోజంతా మా నెత్తిమీద నడుస్తూనే ఉండేది. వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వీధివైపు కిటికీ దగ్గరికి, అక్కడ కాసేపు ఆగి మళ్ళీ వంటింట్లోకి. నాది ఇంటి నుంచే ఉద్యోగం. మీటింగ్‌లో మాట్లాడుతూ సీలింగ్ వైపు చూసి పళ్ళు నూరేదాన్ని. ఆవిడకి వృద్ధుల హోమ్‌లో నైట్ డ్యూటీ. రాత్రంతా లేవలేని వాళ్ళని లేపి, తిప్పి, తుడిచి వచ్చిన మనిషి పగలు పడుకోకుండా ఈ తిరుగుడేంటని నా విసుగు. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను కూడా.

కూర్చోవడం ఆంటీకి పడదు. కంచం చేత్తో పట్టుకుని స్టవ్ పక్కన నిలబడే అన్నం తినేది. కూర్చోండాంటీ అంటే, "కూచుంటే మోకాళ్ళు పట్టేస్తాయమ్మాయ్, మళ్ళీ లేవడం నావల్ల కాదు" అనేది. మా దగ్గరికి వచ్చినా పూర్తిగా దిగేది కాదు. మెట్ల మధ్యలో నిలబడి, రెయిలింగ్ పట్టుకుని, ఒక కాలు పై మెట్టు మీద ఉంచుకుని మాట్లాడేది. ఉండను వెళ్ళిపోవాలి అంటూనే గంట గడిచేది. మాటా అంతే, ఒకటి ముగిసేలోపు ఇంకోటి అందుకునేది.

"అల్లం పచ్చడి చేశానమ్మాయ్, మీ ఆయనకి కారం... అవునూ, ఆ ఫర్నేస్ ఫిల్టరు మార్చమని ఎవరికి చెప్పాను నేను? సర్లే, పదపద, నీకు మీటింగుందేమో."

పచ్చడి తెచ్చిందో లేదో నాకు అర్థమయ్యేది కాదు. సాయంత్రం చూస్తే మెట్టు మీద సీసా ఉండేది.

వాళ్ళింట్లో గృహ ప్రార్థన పెట్టుకున్నప్పుడల్లా నన్నూ పిలిచేది. "నువ్వేం ప్రార్థన చెయ్యక్కర్లేదు, బిర్యానీ తిందువుగాని రా" అనేది. పాస్టరుగారు ప్రార్థన కొంచెం పొడిగిస్తే ఈవిడ కళ్ళు తెరిచి వంటింటి వైపు చూపులు. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగాడో లేదో, ఈవిడ గట్టిగా "ఆమేన్!" అనేసేది. గదిలో అందరూ ఆమేన్ అనేవాళ్ళు. పాపం పాస్టరుగారు ఇంకా దేశనాయకుల క్షేమం దాకా రానేలేదు, ఆయనకీ ఆమేన్ అనక తప్పేది కాదు.

ఆ ఇంట్లో ప్రతి వస్తువుకీ ప్లాస్టిక్ కవరు. టీవీ రిమోట్‌కి కవరు, దానికి రబ్బరు బ్యాండు. సోఫాకి కవరు. కారు రిమోట్‌కి కూడా పచ్చళ్ళ ప్యాకెట్ కత్తిరించి కుట్టినట్టు ఒక చిన్న కవరు. ఆవిడ బటన్ నొక్కితే ముందు కవరు కరకరమనేది, ఆ తర్వాత కారు పలికేది. నొక్కి నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి మళ్ళీ నొక్కేది. "వేశానా? వేశాననుకో" అని తనకి తనే చెప్పుకునేది.

అంకుల్ సంగతి చెప్పకపోతే ఆంటీ గురించి సగమే చెప్పినట్టు. ఆయన ఆవిడకి పూర్తిగా వ్యతిరేకం. గొంతు పెంచరు, అడుగు తొందరగా వెయ్యరు. మా తెలుగువాళ్ళలో చాలామందికి ఈ ఊళ్ళో డ్రైవింగ్ నేర్పింది ఆయనే. నాకూ ఆయనే నేర్పారు. కంటికి కనపడని మంచు పొర మీద కారు జారుతుంటే నేను కెవ్వుమన్నాను. ఆయన పక్క సీట్లో చేతులు కట్టుకుని, "బ్రేకు మీంచి కాలు తీసెయ్యమ్మా. కారుకి కాస్త టైమియ్యి, అదే దారికొస్తుంది" అన్నారు. ఆ సీట్లో మా ఆయనుంటే ఇద్దరం కలిసి కెవ్వుమనేవాళ్ళం.

అలాంటి మనిషికి మతిమరుపు వచ్చింది. మొదట పేర్లు పోయాయి, తర్వాత వీధులు. డాక్టరు ఆయన లైసెన్స్ ఆపించేశారు. వాళ్ళది పాత కారు, ఇంజన్‌కి వేసే ఇనప తాళంచెవి వేరు, తలుపులు తెరిచే బటన్ల రిమోట్ వేరు. ఆంటీ మెకానిక్ దగ్గరుందని చెప్పి ఆయన తాళంచెవి దాచేసింది. రిమోట్ జోలికి మాత్రం పోలేదు. దానికో కారణముంది. కారు కొన్న రోజు పాస్టరుగారు ఆ రిమోట్ చేతిలో పెట్టుకుని ప్రార్థన చేశారట. అప్పట్నుంచీ అది హాల్లో బల్ల మీద, పెద్ద బైబిల్ మీద ఉంటుంది. బయటికెళ్ళేటప్పుడు అంకుల్ తీసుకుంటారు, రాగానే అంకులే పెడతారు. ఇంకెవరూ ముట్టుకోరు. ఎవరూ అలా అని నియమం పెట్టలేదు, ఆ ఇంట్లో అది అంతే.

ఇలా ఉండగా ఆంటీ తన రిమోట్‌ని యూనిఫామ్ జేబులో మర్చిపోయి వాషింగ్ మెషీన్లో వేసేసింది. ఆ కవరు ఉంది కదా, బతుకుతుందనుకుంది. బతకలేదు. కొత్తది తెప్పించి, "నువ్వు కంప్యూటర్లు చేస్తావుగా, ఇది చేసిపెట్టు" అని మెట్ల మీద నిలబడి పిలిచింది.

ఆ రోజు చినూక్ గాలి. కొండల మీంచి వెచ్చటి గాలి దిగి, పొద్దున గడ్డకట్టి ఉన్న వీధిని మధ్యాహ్నానికల్లా కాలవ చేసేస్తుంది. చూరు నుంచి నీళ్ళు, రోడ్డు మీద నీళ్ళు, మనిషికి ఒకచోట నిలవబుద్ధి కాదు. అసలే నిలవని ఆంటీ ఆ రోజు గిరగిరా తిరుగుతోంది.

"అంకుల్ రిమోట్ కూడా తేవాలేమో కదమ్మాయ్?" అని ఆవిడ అడిగింది కూడా.

"పనిచేస్తున్నదాన్ని కదపడమెందుకాంటీ?" అన్నాను. సాఫ్ట్‌వేర్ వాళ్ళ నోట్లోంచి ఊరికే వచ్చేసే మాట అది. పైగా బైబిల్ మీదున్నదాన్ని ఎవరు తెస్తారు!

పని చూడ్డానికి సులువే. తలుపులన్నీ మూసి, తాళంచెవి పెట్టి గబగబా ఆన్, ఆఫ్, ఆన్, ఆఫ్ తిప్పాలి. మధ్యలో ఆగకూడదు, తలుపు తియ్యకూడదు. సరిగ్గా చేస్తే తలుపుల తాళాలు వాటంతటవే టక్కుమంటాయి. అప్పుడు కొత్త రిమోట్ నొక్కితే కారు దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. ఆంటీ డ్రైవర్ సీట్లో కూర్చుంది, నేను పక్కన ఫోన్లో వీడియో పెట్టుకుని.

"తిప్పండి. ఆన్. ఆఫ్. ఆన్..."

"అయిందా?" అని తలుపు తీసేసింది.

"తియ్యకూడదాంటీ! మళ్ళీ మొదట్నుంచి."

రెండోసారి తిప్పడం మధ్యలో ఆపి, "స్టవ్ మీద పాలు పెట్టానా?" అంది. తర్వాతిసారి టక్కుమన్న చప్పుడికి హడలిపోయి కొత్త రిమోట్ బదులు హారన్ నొక్కింది. ఎదురింటావిడ బయటికొచ్చి చూసింది. నాకు నవ్వు, కోపం, రెండూ. "ఆంటీ, ఒక్క నిమిషం, ఒకే ఒక్క నిమిషం కదలకండి" అని బతిమాలాను. ఆవిడ సీటు అంచుని పట్టుకుని, పెదవులు బిగించి, పన్ను పీకించుకుంటున్న మనిషిలా కూర్చుంది. ఈసారి తాళాలు టక్కుమన్నాయి, రిమోట్ నొక్కింది, మళ్ళీ టక్కుమన్నాయి.

"స్తోత్రం!" అని అరిచి కారు దిగింది. దిగీ దిగగానే జేబులోంచి కవరు తీసి కొత్త రిమోట్‌కి తొడిగింది.

అప్పుడే అంకుల్ వచ్చారు. చర్చికి వేసుకునే కోటు, తలమీద టోపీ, చేతిలో తన రిమోట్. ఎవరికో క్లాసు ఉందన్నట్టు నడిచొచ్చి, కారు వైపు చెయ్యి చాపి నొక్కారు. కారు పలకలేదు. దగ్గరికొచ్చి మళ్ళీ నొక్కారు. వంగి నంబర్ ప్లేటు చదివారు. తర్వాత పక్కింటి డ్రైవ్‌వేలో ఉన్న కారు దగ్గరికి వెళ్ళి దానికి చెయ్యి చాపి నొక్కారు. అదీ పలకలేదు. మా వైపు తిరిగి, తప్పిపోయిన మనిషి దారి అడిగినట్టు, "మన కారేదమ్మా?" అని అడిగారు.

ఆ ముఖం నేను మర్చిపోలేను. మర్చిపోవాలని చాలాసార్లు అనుకున్నాను.

ఆంటీ ఆయన్ని లోపలికి తీసుకెళ్ళి వచ్చేలోపు నేను వీడియో చివరిదాకా చూశాను. అన్ని రిమోట్లూ ఒకేసారి చెయ్యాలి, లేకపోతే మిగిలినవి చచ్చిపోతాయని ఆ పెద్దమనిషి ఆఖర్న చెప్పాడు. "రండాంటీ, అంకుల్‌ది కూడా తెచ్చి మళ్ళీ చేద్దాం, ఇప్పుడు చేతనైంది కదా" అన్నాను.

ఆంటీ కారు తలుపు తెరిచి, డ్రైవర్ సీట్లో పక్కకి కూర్చుని, కాళ్ళు బయట నీళ్ళలో పెట్టింది. కదలకుండా కూర్చుంది. నేను కూర్చోమనకుండా ఆవిడ కూర్చోవడం చూడ్డం నాకదే మొదటిసారి.

"పగలు పడుకోరేంటాంటీ అని అడిగావు చూడు," అంది. "ఆయనొచ్చి కార్లో కూచుంటున్నారమ్మాయ్. నేను కన్నుమూస్తే చాలు, రిమోట్ తీసుకుని వచ్చేస్తారు. ఉత్త చొక్కాతో. స్టూడెంట్ వస్తాడంట, కాచుక్కూచుంటారు. మొన్న నేను లేచి చూసేసరికి చలికి ఆయన వేళ్ళు తెల్లగా పాలిపోయున్నాయి. ఇంకాస్తుంటే ఏమయ్యేదో. అందుకే కిటికీ కాడికీ వంటింట్లోకీ తిరగడం. కూచుంటే నిద్రొచ్చేస్తది నాకు."

నేను పళ్ళు నూరిన ఆ అడుగులు ఇవీ.

"అయితే ఇలాగే వదిలేద్దాం," అన్నాను. "కారు తెరుచుకోదు కదా."

"తెరుచుకోదు. కానీ ఆయన మొహం చూశావా?"

"లైసెన్స్ లేదని చెప్పేయండాంటీ, నిజం చెప్పేస్తే..."

"చెప్పలేదనుకున్నావా? ఎన్నిసార్లు చెప్పను? చెప్పిన ప్రతిసారీ ఆయనకి అదే మొదటిసారి. ప్రతిసారీ కొత్తగా ఏడుస్తారు." లేచి నిలబడి కాళ్ళు దులుపుకుంది. "పదపద. ఉండనీ. ఏదోటి చేస్తాను."

ఏం చేసిందో ఆదివారం చూశాను. వాళ్ళు చర్చికి బయల్దేరుతున్నారు, నేను మా మెట్ల దగ్గర చెత్త సంచి పట్టుకుని నిలబడ్డాను. అంకుల్ ముందు, ఆంటీ రెండడుగులు వెనక. అంకుల్ చెయ్యి చాపి తన రిమోట్ నొక్కారు. కారు కిచుక్కుమని లైట్లు వెలిగించింది. వెనక ఆంటీ కుడిచెయ్యి కోటు జేబులో ఉంది.

అంకుల్ తృప్తిగా తలూపారు. తర్వాత జేబులు తడుముకుని, "కళ్ళద్దాలు మర్చిపోయాను, నువ్వే నడుపు" అని ఆవిడతో అని, పక్క సీట్లో కూర్చున్నారు. కారు వెనక్కి వస్తుంటే లోపల్నుంచి ఆయన గొంతు వినపడుతోంది: "మిర్రర్ చూసుకో. తొందరపడకు."

కళ్ళద్దాలు ఆయన ముఖానే ఉన్నాయి.

ఆ తర్వాత ఎన్ని చోట్ల చూశానో. కూరగాయల షాపు ముందు, ఆసుపత్రి పార్కింగ్‌లో, మా పిల్ల పుట్టినరోజు చేసిన హాలు ముందు. ఆయన చెయ్యి లేచేది, ఈవిడ చెయ్యి జేబులో కదిలేది. ఒకరోజు ఆవిడ రిమోట్ బల్ల మీద కనపడింది. కవరు లేదు. "అదేంటాంటీ, బట్టలు తీసేశారు దీనికి?" అని ఆటపట్టించాను. ఆవిడ గొంతు తగ్గించి, "జేబులో నొక్కితే చప్పుడవుతుందమ్మాయ్" అంది. చాక్లెట్ డబ్బా మీది కాగితం కూడా విప్పి పారేయని మనిషి. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆవిడ చూడకుండా తల తిప్పుకున్నాను, చూసుంటే తిట్టేది.

పగళ్ళు ఆయన ఒక్కరే వచ్చి నొక్కినా కారు పలికేది కాదు. చలికి బ్యాటరీ పడుకుందని ఆవిడ చెప్పి పెట్టింది. ఆయన కాసేపు నిలబడి, లోపలికెళ్ళి రిమోట్‌ని బైబిల్ మీద పెట్టేసేవారు.

ఒక మధ్యాహ్నం పైన అడుగుల చప్పుడు లేదు. ఎప్పుడూ విసుక్కునే దాన్ని, చప్పుడు లేకపోయేసరికి పని సాగలేదు. భయమేసి పైకెళ్ళాను. ఆంటీ సోఫాలో నోరు తెరుచుకుని గాఢంగా నిద్రపోతోంది. పక్కన కుర్చీలో అంకుల్. నన్ను చూసి పెదవుల మీద వేలు పెట్టారు. "లేపకమ్మా. రాత్రంతా నిలబడొచ్చింది" అని గుసగుసగా అన్నారు. నేను మునివేళ్ళ మీద దిగొచ్చేశాను.

తర్వాత మేం రెండు వీధుల అవతల ఇల్లు కొనుక్కున్నాం. ఆంటీ ఆ ఇంటికి వచ్చినప్పుడు కూడా లోపలికి రాలేదు, చెప్పులు విప్పకుండా గుమ్మంలో నిలబడి గదులన్నీ చూసేసింది.

ఆవిడ డ్యూటీలో పోయింది. బ్రేక్ టైమ్‌లో కుర్చీలో కూర్చుందట. కాసేపు విశ్రాంతి తీసుకుంటోందని అక్కడివాళ్ళు ఎవరూ కదిలించలేదట. ఆ మాట విన్నప్పుడు నాకు వాళ్ళ మీద పట్టరాని కోపమొచ్చింది. ఆంటీ కూర్చుందంటేనే ఏదో అయిందని వాళ్ళకి తెలియొద్దూ! తెలీదు. పాపం వాళ్ళకెలా తెలుస్తుంది.

కెనడాలోనే ఒంటారియోలో ఉన్న లండన్ నుంచి వాళ్ళమ్మాయి వచ్చింది. తల్లి శవపేటిక ఉన్న బండిలోనే చర్చికి వెళ్తూ, "అక్కా, కెన్ యూ బ్రింగ్ డాడ్?" అని ఇంటి తాళాలూ, కారు తాళంచెవీ, ఆంటీ రిమోటూ నా చేతిలో పెట్టింది. అంకుల్‌ని ఆ కార్లోనే తీసుకెళ్ళాను. నేను ముందే కారు తెరిచి ఇంజన్ వేడి చేసి ఉంచాను కాబట్టి, ఆయనకి బటన్ నొక్కే పని పడలేదు. చర్చిలో ఆయన పాటలన్నీ పుస్తకం చూడకుండా పాడారు. ఎవరి కోసం పాడుతున్నారో తెలిసి పాడారో లేదో నేను చెప్పలేను. ఆ రోజు పాస్టరుగారి ప్రార్థనకి ఎవరూ అడ్డం రాలేదు. అది చాలా పొడుగ్గా సాగింది, నాకు ఆగకుండా ఏడుపొచ్చింది.

అయ్యాక సమాధుల తోటకి వెళ్ళాలి. పార్కింగ్‌లో గాలి ముఖాన్ని కోస్తోంది. నేను ఎవరితోనో మాట్లాడుతూ రెండడుగులు వెనకపడ్డాను. చూసేసరికి అంకుల్ కోటు జేబులోంచి తన రిమోట్ తీశారు. కారు వైపు చెయ్యి చాపి నొక్కారు.

ఆవిడ రిమోట్ నా హ్యాండ్‌బ్యాగ్‌లో ఎక్కడో ఉంది. చేతికి లావాటి గ్లవ్స్. ఒకటి పళ్ళతో లాగేసి బ్యాగులో కెలుకుతున్నాను, టిష్యూలు, పిల్లదాని బొమ్మ, తాళాలు, రిమోట్ మాత్రం తగలదు. అంకుల్ ఇంకోసారి నొక్కారు. కారు పలకలేదు.

ఇప్పుడు నంబర్ ప్లేటు చూస్తారు, పక్క కారు దగ్గరికెళ్తారు, అందరి ముందూ మన కారేదని అడుగుతారు అనుకున్నాను. ఆయన కారు వైపు చూడనే లేదు. తల తిప్పి వెనక్కి చూశారు. తన భుజం వెనక రెండడుగుల దూరంలో, ఆవిడ ఎప్పుడూ నిలబడే చోటు చూశారు. అక్కడ నేనున్నాను, బ్యాగులో చెయ్యి పెట్టుకుని.

ఆయన నా దగ్గరికొచ్చి, ఎవరూ వినకుండా కిందికి వంగి, తన రిమోట్ చూపించారు.

"ఇది పనిచెయ్యదమ్మా. చాన్నాళ్ళయింది," అన్నారు. "నాకు తెలుసని ఆవిడతో అనకు. కంగారుపడుతుంది."

అననని తలూపాను. అప్పటికి బ్యాగు అడుగున రిమోట్ చేతికి తగిలింది. బయటికి తియ్యకుండా అక్కడే నొక్కాను. కారు కిచుక్కుమని లైట్లు వెలిగించింది.

అంకుల్ తృప్తిగా తలూపి, జేబులు తడుముకున్నారు.

"కళ్ళద్దాలు మర్చిపోయానమ్మా," అన్నారు. "నువ్వే నడుపు."